రెండో తాడు

మార్చి 3, 1971

జెండా పూర్తయింది. కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి, వేలికొసలు సూదిపోట్లతో జల్లెడయ్యాయి. అయితేనేం, పూర్తయింది. నీలం ఉన్నిగుడ్డ మీద తెల్ల పడవ, రెండు తెడ్లు, పైన బంగారు దారంతో 'నార్వే–జర్మన్ స్నేహ సంఘం, సుండ్‌వోగ్'. అటూ ఇటూ పట్టుకోవడానికి రెండు కుచ్చుల తాళ్ళు. అవీ నేనే పేనాను. మధ్యలో జెండా మోసేవాళ్ళు ఒకరు, తాళ్ళు పట్టేవాళ్ళు చెరోపక్క ఒకరు. మే పదిహేడు జాతీయ పండగ ఊరేగింపులో ఏ సంఘమైనా అలాగే నడుస్తుంది.

జాలర్ల సంఘానికి జెండా ఉంది. తాగుడు మానినవాళ్ళ సంఘానికి ఉంది. ఆఖరికి పావురాలు పెంచేవాళ్ళకీ ఉంది. మాకెందుకు ఉండకూడదు? ఏడేళ్ళుగా ప్రార్థనా మందిరం నేలమాళిగలో కాఫీ తాగుతూ, వాఫిళ్ళు తింటూ, జర్మన్ పాటలు గొంతు తగ్గించి పాడుకుంటున్నాం. గొంతు తగ్గించి! దొంగసొత్తు పంచుకునేవాళ్ళలాగా. ఇక చాలు. జెండా ఉన్న సంఘానికి ఊరేగింపులో చోటివ్వాలనేది ఈ ఊరి నియమం. ఇప్పుడు మాకూ జెండా ఉంది.

ఇర్మ్‌గార్డ్ వచ్చి చూసింది. మా సంఘంలో నిఖార్సైన జర్మన్ మనిషి ఆమె ఒక్కతే. మిగతావాళ్ళందరం ఇక్కడివాళ్ళమే. ఇరవయ్యేళ్ళుగా ఈ ఊరి ఆసుపత్రిలో మంత్రసాని కదా, కుట్లు చూడటం అలవాటు. కళ్ళజోడు పైకెత్తి అంచులన్నీ తడిమి, "బాగా కుట్టావు. చీము పట్టదు" అంది.

మార్చి 4

గుడ్నీ అక్క ఫోను చెయ్యలేదు. జెండా సంగతి ఈపాటికి ఊరంతా తెలిసే ఉంటుంది. చెయ్యకపోతే మానె. నేనేం ఫోను పక్కన కూర్చుని లేను.

మార్చి 17

ఊరేగింపు కమిటీ పెద్ద రెయ్‌దార్ వచ్చాడు. బడిలో హెడ్మాస్టరు. అందరితోనూ మూడో తరగతి పిల్లలతో మాట్లాడినట్టే మాట్లాడతాడు.

"ఆస్లౌగ్ గారూ, నియమం ప్రకారం మీకు చోటివ్వాల్సిందే. కాదనను. కానీ..."

"ఆ కానీ ఏదో త్వరగా చెప్పండి. పొయ్యి మీద వాఫిల్ మాడిపోతోంది."

"ఊరేగింపు చర్చి ముందు రాయి దగ్గర ఆగుతుంది కదా. ప్రతి జెండా అక్కడ వంగి దండం పెడుతుంది. ఆ రాయి మీద యుద్ధంలో పోయినవాళ్ళ పేర్లు..."

"అందులో మా తమ్ముడి పేరుంది. రాయి సంగతి మీరు నాకు చెప్పనక్కర్లేదు."

చెవులు ఎర్రబడ్డాయి పాపం. కాసేపు నీళ్ళు నమిలి అసలు సంగతి బయటపెట్టాడు. 'జర్మన్' అన్న మాట మీద ఒక రిబ్బను. మన నార్వే జెండా మూడు రంగుల రిబ్బను. ఆ ఒక్క మాటా కప్పేస్తే కమిటీలో ఎవరికీ అభ్యంతరం లేదట.

"అప్పుడది 'నార్వే స్నేహ సంఘం' అవుతుంది. అంటే మేం నార్వేలో ఉండి నార్వేతో స్నేహం చేస్తామన్నమాట. భలే ఉందండీ!"

"మీరు వెటకారం చేస్తున్నారు."

"చేస్తున్నాను."

వాఫిళ్ళు మాత్రం బాగానే లాగించి వెళ్ళాడు. జామ్ కూడా పెట్టాను. పెట్టకుండా ఉండాల్సింది.

మార్చి 20

నేలమాళిగలో సమావేశం. మా అధ్యక్షుడు టోర్లైవ్‌కి ఇనప సామాన్ల కొట్టుంది. కొట్టుకి ఎవరొస్తారో, ఎవరు రావడం మానేస్తారో అన్న లెక్కలోనే బతుకుతాడు. లేచి నిలబడి, "రిబ్బనే కదా, ఏం పోయింది? మొదటి ఏడు ఇలా కానిద్దాం" అన్నాడు. చేతులెత్తమన్నాడు. అందరూ ఎత్తారు. ఇర్మ్‌గార్డ్ కూడా ఎత్తింది! నేను ఆమె వంక చూశాను. "నాకు అలవాటేలే" అని గొణిగి కాఫీ కలుపుకుంది. పంచదార వేసుకోకుండానే కలుపుతూ కూర్చుంది.

వద్దన్నది నేనొక్కదాన్నే. రిబ్బను కుట్టే పని కూడా నాకే అప్పగించారు, జెండా నా దగ్గరే ఉంది కనక. అప్పగించుకోండి. ఎవరు కుడతారో చూద్దాం.

ఏప్రిల్ 3

సహకార దుకాణంలో గుడ్నీ అక్క ఎదురుపడింది. జున్ను కోసే బల్ల దగ్గర. తప్పుకుపోవడానికి దారి లేదు, ఆమెకీ లేదు.

"ఏమే, ఆ గుడ్డముక్క పట్టుకుని తమ్ముడి రాయి ముందుకే వస్తావటగా?"

"వస్తాను."

"నేను రాయి పక్కనే ఉంటాను, ఎప్పుడూ ఉన్నట్టే. నువ్వొస్తే వీపు తిప్పేస్తాను. ఊరంతా చూస్తుంది."

"తిప్పు. వెనకనించి నీ శాలువా బాగుంటుంది."

జున్ను కోసే అమ్మాయి కత్తి పైకెత్తినది ఎత్తినట్టే ఉండిపోయింది. అక్క ముఖం మాడ్చుకుని, కొనడానికి వచ్చింది కొనకుండానే వెళ్ళిపోయింది. అంత మాట అన్నందుకు నాకేం బాధగా లేదు. ఆమె మాత్రం ఈ ఏడేళ్ళలో అనని మాటుందా?

నేను జర్మనీ వెళ్ళివచ్చిన రోజు వాకిట్లోనే నిలబెట్టి అడిగింది. "వాణ్ణి చంపినవాళ్ళ ఇంట్లో కాఫీ తాగొచ్చావా?" అని. తాగాను. ఏం చెయ్యమంటుంది? యుద్ధంలో జర్మన్లు తమ్ముడు హాల్వార్‌ని పడవ మీదనించే పట్టుకుపోయారు. అక్కడి ఖైదీల శిబిరంలో పోయాడు. ఆ ఊరి చర్చి తోటలో పాతిపెట్టారని తెలియడానికే మాకు ఎన్నో ఏళ్ళు పట్టింది. నేను వెళ్ళేసరికి సమాధి చుట్టూ ఒక్క కలుపు మొక్క లేదు. బంతిపూలు వేసి ఉన్నాయి. ఎవరు వేశారని అడిగితే చర్చి ఊడ్చే ఆవిడని చూపించారు, ఎల్‌ఫ్రీడ అని. ఎవరూ అడక్కుండానే, యుద్ధం అయిన మరుసటేటి నించీ చేస్తోందట. అలాంటి మనిషి కాఫీ పోస్తే వద్దంటానా? అప్పుడే అనుకున్నాను ఈ సంఘం సంగతి.

అక్క ఇవేవీ వినలేదు. చెప్పబోతే చెవులు మూసుకుంది, అక్షరాలా రెండు చేతులతో.

ఏప్రిల్ 4

కొంచెం బాధగానే ఉంది. శాలువా మాట అనకుండా ఉండాల్సింది. అంతే. అంతకుమించి ఏం లేదు.

ఏప్రిల్ 22

టోర్లైవ్ రిబ్బను ఎంతవరకు వచ్చిందని అడిగాడు. జెండా మీద కాఫీ ఒలికిందనీ, ఉతికి ఆరేశాననీ చెప్పాను. ఉన్ని ఆరడానికి ఎంత కాలం పడుతుందో మగవాళ్ళకేం తెలుసు.

సాయంత్రం ఇర్మ్‌గార్డ్ దగ్గరికి వెళ్ళి మొత్తం చెప్పాను. రిబ్బను కుట్టననీ, పండగ రోజు ఆ మాట అందరికీ కనబడేట్టే తీసుకెళతాననీ, నీకోసమే ఇదంతా అనీ. చప్పట్లు కొడుతుందనుకున్నాను. బంగాళదుంపలు చెక్కు తీస్తూ తల కూడా ఎత్తలేదు.

"నాకోసమా? నన్నెప్పుడు అడిగావు?"

"అడగాలా? ఇరవయ్యేళ్ళుగా పండగ రోజున రోడ్డు పక్కన అందరికంటే వెనక నిలబడుతున్నావు. నాకు కనబడదనుకున్నావా?"

"వెనక నిలబడితే నాకు హాయిగానే ఉంటుంది ఆస్లౌగ్. ఎవరూ నన్ను చూడరు. నేను బయటికి తీసిన పిల్లలు జెండాలు ఊపుకుంటూ వెళుతుంటే చూసుకుంటాను. ఇప్పుడు నువ్వు నన్ను ఊరి మధ్యలోకి లాగుతున్నావు."

"నీ మేలు కోరే కదా!"

అప్పుడు కత్తి కిందపెట్టింది. "కాదు. నువ్వు మీ అక్కతో పోట్లాడుతున్నావు. నీ చేతికి ఒక కర్ర కావాలి. ఆ కర్రని నేను. అంతే."

ఒళ్ళు మండిపోయింది. కోటు కూడా సరిగా వేసుకోకుండా వచ్చేశాను. ఇంత చేసినందుకు ఇదా?

ఏప్రిల్ 23

రాయడానికేం లేదు.

ఏప్రిల్ 26

కర్ర కాదు.

సరే, కర్రే. అక్క వీపు తిప్పేస్తానంది కాబట్టే మరీ పంతం పట్టాను. ఆమె వద్దనకపోయి ఉంటే రిబ్బను కుట్టేసి ఉండేదాన్నేమో కూడా. రాసుకుంటుంటే సిగ్గుగానే ఉంది.

కానీ అది సగమే. మిగతా సగం ఏమిటో పొద్దున్నించీ గిన్నెలు తోముతూ ఆలోచించాను. మా తమ్ముడి సమాధి మీద కలుపు తీసే మనిషి ఎవరు? జర్మన్. ఆ మాట మీద రిబ్బను కప్పితే ఎల్‌ఫ్రీడ గారిని తలుపు చాటున దాచినట్టు. తమ్ముడి ముందుకు వెళ్ళి, నీకు పూలు వేసేవాళ్ళెవరో చెప్పడానికి మాకు మొహం చెల్లడం లేదురా, అనాలా? అనను. అక్క ఉన్నా లేకపోయినా అనను.

ఇర్మ్‌గార్డ్ ఇంటికి వెళ్ళాను. గుమ్మంలోనే చెప్పేశాను. "నువ్వన్నది నిజం. అయినా నడుస్తాను. నీకోసం కాదు, నాకోసం. నువ్వు రావద్దు."

"మంచిది" అంది. తర్వాత, "దుంపల పులుసుంది, తినిపో" అంది. తిన్నాను. ఉప్పు ఎక్కువైంది. చెప్పలేదు.

మే 8

జర్మన్ల చేతిలోంచి దేశం విడుదలైన రోజు. ఇల్లిల్లూ జెండాలే. నేనూ కట్టాను.

కిటికీలోంచి చూశాను, అక్క రాయి దగ్గరికి ఆకుల దండ మోసుకుని వెళుతోంది. ఒక్కతే. ఆ దండ బరువుంటుంది. మధ్యలో రెండుసార్లు ఆగింది. ఇదివరకు మేమిద్దరం చెరోపక్కా పట్టుకునేవాళ్ళం. నేను వెళ్ళలేదు. పిలిస్తే వెళ్ళేదాన్ని. పిలవలేదు కాబట్టి వెళ్ళలేదు.

మే 16

జెండా ఆరలేదన్న అబద్ధం ఇక చెల్లలేదు. టోర్లైవ్‌కి ఉన్నదున్నట్టు చెప్పేశాను, రిబ్బను లేదు, ఉండదు అని. వెంటనే అతనికి నడుం పట్టేసింది. జెండా మోయాల్సినవాడు అతనే మరి.

"ఏ పక్క నొప్పి?" అని అడిగాను.

"ఈ పక్క."

"గుమ్మంలోకి వచ్చేటప్పుడు ఆ పక్క పట్టుకున్నారు."

"రెండు పక్కలా ఉంది. ఆస్లౌగ్ గారూ, నామాట వినండి. ఈ ఊళ్ళో బతకాలి కదా మనం."

"నేనూ ఈ ఊళ్ళోనే బతుకుతున్నానండీ. టెలిఫోను ఎక్స్‌ఛేంజీలో పనిచేసినన్నాళ్ళూ ఈ ఊరి గుట్లన్నీ విన్నాను. అయినా అందరికీ నమస్కారం పెడుతూనే బతుకుతున్నాను. మీకేం భయం?"

మిగతావాళ్ళు కూడా ఒక్కొక్కరే ఫోను చేశారు. ఒకావిడకి మనవడికి జ్వరం. ఒకాయనకి పడవ కారుతోంది. ఫోను పెట్టేశాను.

పండగ బట్టలు ఇస్త్రీ చేశాను. వెండి బొత్తాలు తోమాను. నేనే మోస్తాను. తాళ్ళు పట్టేవాళ్ళు లేకపోతే లేకపోయారు, అవే వేలాడతాయి. ఒక్కదాన్నే నడుస్తాను. ఎవరేం చేస్తారో చూస్తాను.

మే 17

పొద్దున్నించీ మంచువాన. అయినా ఊరంతా బడి దగ్గరికి చేరింది. జెండా కర్రకి తోలు పట్టీ నడుముకి కట్టుకున్నాను. బరువు అనుకున్నదానికంటే ఎక్కువే. గాలికి నన్ను కూడా లాక్కుపోయేట్టుంది. మాకు ఇచ్చిన చోటు అందరికంటే చివర, పావురాలవాళ్ళ వెనక. వాళ్ళలో ఒక ముసలాయన వెనక్కి తిరిగి జెండా కేసి చూసి, తన టోపీ సర్దుకుని, మళ్ళీ ముందుకి తిరిగాడు. దాని అర్థమేమిటో ఇప్పటికీ తెలియలేదు.

రెయ్‌దార్ పరిగెత్తుకుంటూ వచ్చాడు. చేతిలో రిబ్బను, నోట్లో పిన్నీసులు. ముందే సిద్ధం చేసుకుని ఉన్నాడు, మహానుభావుడు.

"కొంచెం కిందికి వంచండి. నిమిషంలో పెట్టేస్తాను."

"వంచను."

"ఆస్లౌగ్ గారూ, మేళం బయల్దేరుతోంది!"

"బయల్దేరనివ్వండి. నేను వంచేది రాయి ముందే. ఇంకెవరి ముందూ కాదు."

చెయ్యి చాచి గుడ్డ పట్టుకున్నాడు. ఆ క్షణంలో వాడి చెంప పగలగొట్టేదాన్నే, చేతులు ఖాళీగా ఉంటే. అప్పుడు నా వెనకనించి ఒక మాట వినబడింది.

"రెయ్‌దార్, ఆ గుడ్డ వదులు."

ఇర్మ్‌గార్డ్! బూడిదరంగు కోటు, ఆసుపత్రి బూట్లు. ఈ పండక్కి ఆమె ఎప్పుడూ కొత్త బట్టలు కట్టదు. తిన్నగా అతని ముందుకొచ్చి నిలబడి కోటు బొత్తాలు విప్పింది.

"గుడ్డ మీద ఎందుకు? నా మీదే పెట్టు. జర్మన్‌ని నేనే కదా. ఎక్కడ కప్పితే నీకు సిగ్గు తగ్గుతుందో చూసి అక్కడ గుచ్చు."

"అలాంటిదేం కాదు, ఇర్మ్‌గార్డ్ గారూ..."

"చేతులమీద కప్పుతావా? నీ పిల్లలు ముగ్గురూ ఈ చేతుల్లోనే పడ్డారు. చిన్నదాని మెడకి పేగు చుట్టుకుంటే తీసింది ఈ వేళ్ళే. ఆ రోజు నువ్వు బయట వరండాలో ఏడుస్తూ కూర్చున్నావు. అప్పుడు రిబ్బను తీసుకొచ్చావా?"

రెయ్‌దార్ నోట్లోంచి ఒక పిన్నీసు కింద పడింది. రిబ్బను చుట్టచుట్టి జేబులో పెట్టుకున్నాడు. వెళ్ళిపోయాడు. నేను అక్కడే గంతులేసేదాన్ని, నడుముకి ఆ కర్ర లేకపోతే.

ఇర్మ్‌గార్డ్ ఎడమవైపు తాడు పట్టుకుంది. "నీకోసం రాలేదు" అంది.

"తెలుసు."

"తెలిస్తే నడువు."

నడిచాం. కుడివైపు తాడు పట్టేవాళ్ళు లేక నా మోకాళ్ళకి తగులుతూ వచ్చింది. ముందు జెండాలు వెళుతుంటే జనం హుర్రా హుర్రా అని కేకలేస్తున్నారు. మేం దగ్గరికి రాగానే ఆగిపోతున్నాయి కేకలు. మేం దాటాక మళ్ళీ మొదలవుతాయేమో అనుకుంటే, మా వెనక ఎవరూ లేరాయె. అలా ఆ వీధంతా నిశ్శబ్దంలోనే నడిచాం. భయం వేసిందా అంటే వేసింది. కానీ తల దించలేదు. మెడ నొప్పి పుట్టేంత నిటారుగా నడిచాను. ఒకచోట ఎవరో పాప "మంత్రసాని అత్తా!" అని అరిచింది. వాళ్ళమ్మ నోరు మూసింది. ఇర్మ్‌గార్డ్ ఆ పాపకి చెయ్యి ఊపింది.

చర్చి ముందు రాయి. పక్కనే అక్క, నల్ల శాలువా కప్పుకుని. పావురాలవాళ్ళ జెండా వంగి లేచింది. తర్వాత మేం.

అక్క నన్ను చూసింది. జెండా చూసింది. చదివింది, మాట మాటా. ఆ తర్వాత అన్నంత పనీ చేసింది. వీపు తిప్పేసింది.

అదేం కొత్తా? చెప్పే చేసింది కదా. అయినా కాసేపు ఆ నల్ల శాలువానే చూశాను. హాల్వార్ పేరు మీద మంచుచుక్కలు జారుతున్నాయి. కర్ర పట్టీలోంచి తీసి మెల్లిగా ముందుకు వంచాను. ఎడమ తాడుని ఇర్మ్‌గార్డ్ లాగి పట్టుకుంది. కుడి తాడు జారి, దాని కుచ్చు అక్క బూట్ల పక్కన బురదలో పడింది.

అక్క తలవంచుకుని ఉంది కదా, అది కనబడింది. కనబడి కూడా కదల్లేదు కాసేపు. జెండా లేపాలి, లేపితే తాడు బురదలో ఈడ్చుకుపోతుంది, నాకు చెయ్యి ఖాళీ లేదు. అప్పుడు ఒక్కసారిగా ఇటు తిరిగింది. వంగి ఆ కుచ్చు ఎత్తింది. శాలువా కొసతో బురద తుడిచింది.

"సిగ్గు లేదుటే? వాడి ముందు జెండా తాడు నేలమీద ఈడుస్తావా?" అంది.

"పట్టుకునేవాళ్ళు రాలేదు" అన్నాను.

"రాకపోతే కుదించి కట్టుకోవాలి. తల్లో బుద్ధుండాలి."

ముందు మేళం కదిలింది. నేను జెండా ఎత్తి పట్టీలో పెట్టుకున్నాను. అక్క తాడు వదలలేదు. వదిలితే మళ్ళీ కింద పడుతుంది, అందుకనే అనుకున్నాను. మాతోపాటు అడుగు వేసింది. రెండడుగులు వేసి రోడ్డు మీదికి దిగింది. జనం చూస్తున్నారు. ఎవరూ కిక్కురుమనడం లేదు. గుడ్నీ అంటే ఈ ఊరికి భయం. ఇటు ఇర్మ్‌గార్డ్, అటు మా అక్క, ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా నడుస్తున్నారు.

"కుట్టు వంకర" అంది అక్క, ముందుకే చూస్తూ. "ఆ తెడ్డు చూడు. అలా పట్టుకుంటే పడవ బోల్తా పడుతుంది."

"నువ్వు కుట్టాల్సింది."

"నన్ను అడిగావా?"

రేవు మలుపు దాటాం. అక్కడితో వెళ్ళిపోతుందనుకున్నాను, ఆమె ఇల్లు అటే. వెళ్ళలేదు. మంచువాన కళ్ళల్లో పడుతోంది. ఎవరి కళ్ళు ఎందుకు తడిశాయో చెప్పలేను. అప్పుడు అడిగింది, అదే గొంతుతో, జున్ను ధర అడిగినట్టు.

"ఆవిడ అక్కడ వాడికి ఏం పూలు వేస్తుంది?" చెవులు మూసుకుని కూడా విన్నదన్నమాట.

ఏడేళ్ళు. ఈ ఒక్క మాట అడుగుతుందేమోనని ఏడేళ్ళు ఎదురుచూశాను. ఎదురుచూడటం లేదని ఈ డైరీలో ఎన్నిసార్లు రాశానో.

"బంతిపూలు. పసుపువి" అన్నాను.

"పసుపు వాడికి గిట్టదు. చిన్నప్పుడు పసుపు స్వెటర్ అల్లితే సముద్రంలో పడేసి, గాలికి పోయిందన్నాడు. మరిచిపోయావా?"

"మరిచిపోయాను."

"మరిచిపోతావు, నీకేం. అల్లింది నేను."

ఇర్మ్‌గార్డ్ ముక్కు చీదుకుంది. అక్క ఆ పక్కకి తిరిగి మొదటిసారి ఆమెని చూసింది. మందుల కొట్టు దగ్గర తాడు నా చేతిలో పెట్టి, శాలువా సర్దుకుని, వచ్చిన దారినే వెళ్ళిపోయింది. వెనక్కి తిరిగి చూడలేదు. శాలువా కొస నిండా బురద.

మే 18

చేతులు పైకి లేవడం లేదు. టోర్లైవ్ ఫోను చేశాడు, నడుం తగ్గిందట. సంతోషం అన్నాను.

మధ్యాహ్నం ఎక్స్‌ఛేంజీకి చెప్పి జర్మనీకి కాల్ బుక్ చేశాను. ఎల్‌ఫ్రీడ గారికి చెవుడు పెరిగింది, అరవాల్సి వచ్చింది. ఈసారి పసుపు వద్దు, నీలం పూలు ఏవైనా వెయ్యండి అన్నాను. ఇన్నేళ్ళూ వేశాను కదా, ఇప్పుడెందుకు మార్చడం అని అడిగింది.

మా అక్క చెప్పింది అన్నాను.